నూటికి 30 మార్కులు



రేడియో రికార్డింగు మొదలుపెట్టేముందు ఇక్కడి ప్రొడ్యూసరు గారు నాకొక జాగ్రత్త చెప్పారు. కాగితాలు తిప్పేటప్పుడు చప్పుడు రాకూడదట, మైకు అన్నీ పట్టేస్తుందట. సరేనన్నాను. నా ప్రయత్నం నేను చేస్తాను.

ముప్పై రెండేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశాను. అంతా గుంటూరు జిల్లా పల్లెల్లోనే, జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో. రిటైరైన మూడో ఏడు ఒకనాటి తెల్లవారుజామున, గేటుకి తగిలించిన సంచిలోంచి పాల ప్యాకెట్టు తీయబోతే వేళ్ళు మూసుకోలేదు. ప్యాకెట్టు జారి కిందపడింది. వంగి తీద్దామనుకున్నాను, నేనూ పడ్డాను. మావైపు దీన్ని కాలూ చెయ్యీ పడిపోవడం అంటారు. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ సరిగ్గా పుట్టించారు. నొప్పి లేదు, మంట లేదు. కుడి చెయ్యి నాతోపాటు రాకుండా ఎక్కడో పడిపోయినట్టే ఉంది. మాట ముద్దముద్దగా వచ్చింది గానీ పూర్తిగా పోలేదు. అదొక అదృష్టం.

ఆ తర్వాత అంబులెన్సు, స్కానింగు, మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డుపడిందనడం, నాలుగున్నర గంటలలోపే చేరాం కాబట్టి గడ్డ కరిగించే ఇంజెక్షను ఇవ్వడం, ఇవన్నీ గబగబా జరిగిపోయాయి. వీటి గురించి డాక్టర్లు రేడియోలో చాలాసార్లు చెప్పారు, చెబుతూనే ఉంటారు. ఆ నాలుగున్నర గంటల మాట మాత్రం మరిచిపోకండి. నేను ఈ పూట చెప్పదలచింది దాని తర్వాతి కథ. ప్రాణానికి ఢోకా లేదని తేలాక, మనిషి ఆస్పత్రిలోనే ఉండి పళ్ళు తోముకోవడం, అన్నం తినడం, చొక్కా తొడుక్కోవడం మళ్ళీ నేర్చుకునే రోజులుంటాయి. ఆ రోజుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చొక్కా గురించి చెప్పుకోవడానికి ఏముందిలే అనుకుంటారు కాబోలు.

పదో రోజున నన్ను రీహాబిలిటేషన్ వార్డుకి మార్చారు. చాలామందికి ఆ భాగ్యం లేదు. వారం తిరిగేసరికి డిశ్చార్జి కాగితం మీద ఫిజియో చేయించుకోమని రాసి ఇంటికి పంపేస్తారు. ఊళ్ళో ఫిజియో ఉన్నాడో లేడో వెతుక్కోవడం వాళ్ళ తలరాత. నాకు ఆరు వారాలు దొరికాయి.

మొదటి రోజు పొద్దున్నే నర్సమ్మ వచ్చి మా ఆవిడతో, "పదింటికి మాస్టారిని ఓటీకి తీసుకెళ్తారు, తయారుగా ఉంచండి" అని చెప్పి వెళ్ళింది. మా ఆవిడ మొహంలో నెత్తుటిచుక్క లేదు. నాకు టిఫిను పెట్టలేదు, మంచినీళ్ళు కూడా తాగనివ్వలేదు. వాళ్ళన్నయ్యకి ఫోను చేసి, "ఆయనకి ఆపరేషనట అన్నయ్యా, మాటమాత్రం ముందు చెప్పలేదు" అని ఒకటే ఏడుపు. పదింటికి ఒక పాతికేళ్ళ అమ్మాయి చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి, "నేనే మాస్టారూ, మీ ఓటీని" అంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆస్పత్రివాళ్ళ పొట్టి భాషలో ఆపరేషన్ థియేటరూ ఓటీయే, ఈ అమ్మాయీ ఓటీయే. ఫిజియో అంటే మనందరికీ తెలుసు, నడిపిస్తారు, కాలూ చెయ్యీ ఆడిస్తారు. దువ్వెన పట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం, గుండీ పెట్టుకోవడం నేర్పడానికి వేరే మనిషి ఉంటారనీ, దానికి నాలుగేళ్ళకు పైబడిన చదువు ఉందనీ నేను అప్పుడే విన్నాను.

ఆ అమ్మాయి చేసిన మొదటి పని నాకు మార్కులు వేయడం. దాన్ని బార్తెల్ ఇండెక్స్ అంటారు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో ఫ్లోరెన్స్ మహోనీ అనే డాక్టరు, డొరొతియా బార్తెల్ అనే ఫిజియోథెరపిస్టు కలిసి తయారుచేశారు. 1965లో అచ్చయింది, ఇప్పటికీ లోకమంతా వాడుతున్నారు. పది ప్రశ్నలు, వంద మార్కులు. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి 15, నడకకి 15. తిండికి 10, బట్టలకి 10, మెట్లకి 10, దొడ్డికి వెళ్ళిరావడానికి 10. ఒంటికీ రెంటికీ అదుపు ఉంటే పదేసి. మొహం కడుక్కుని తల దువ్వుకోవడానికి 5, స్నానానికి 5.

నాకు 30 వచ్చాయి.

ముప్పై మార్కుల పిల్లల్ని నా సర్వీసులో ఎన్నెన్ని మాటలన్నానో గుర్తొచ్చింది. బడిలో పాసు మార్కు 35. "ఒక ఐదు కలిపి గట్టెక్కించమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "స్నానం మీ అంతట మీరు చేయండి మాస్టారూ, ఐదూ వేస్తాను" అంది. నా దగ్గర చదువుకోలేదు గానీ చదువుకున్నదానిలాగే మాట్లాడింది.

జీవితమంతా పేపర్లు దిద్దినవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్నపత్రం మీద నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి. తిండి ప్రశ్నకి నిండు మార్కులు రావాలంటే పళ్ళెంలోది కోసుకోవాలి, ఉప్పూ మిరియాలూ చల్లుకోవాలి, వెన్న రాసుకోవాలి అని మొదట రాసినవాళ్ళు రాశారు. అన్నంలో పప్పు కలపడం వాళ్ళెరగరు. ఏ చేత్తో తిన్నావన్న గడి అందులో లేదు. ఆ గడి లేకపోవడం ఎంత పెద్ద లోటో అమెరికావాళ్ళకి తెలీదు, మనకి తెలుసు.

కుడి చెయ్యి అన్నం చెయ్యి. ఎడమ చెయ్యి ఏ పనిదో ఈ వేళప్పుడు చెప్పను, కొందరు భోజనాలు చేస్తూ ఉంటారు. పడిపోయింది నా అన్నం చెయ్యి. మొదటిరోజు నా ఎడమ చేతికి చెంచా ఇచ్చారు. చెంచా పిడికి సైకిలు గ్రిప్పు లాంటి లావాటి స్పాంజి తొడిగారు. పళ్ళెం జారకుండా కింద తడిగుడ్డ వేశారు. అంతా బాగానే ఉంది. నేను ఎడమ చేత్తో అన్నం ఎత్తగానే మా ఆవిడ తల కిటికీ వైపు తిప్పుకుంది. ఆవిడ నన్ను అసహ్యించుకోలేదు, నాకు తెలుసు. అరవై ఏళ్ళుగా ఒంట్లో ఇంకిన అలవాటు అది. నాకూ అదే అలవాటు. ఆకలి దానంతటదే చచ్చిపోయింది. చిన్నప్పుడు ఎడమ చేత్తో లడ్డూ అందుకున్నందుకు మా నాయనమ్మ వేసిన మొట్టికాయ, అరవై ఒకటో ఏట ఆస్పత్రి మంచం మీద మళ్ళీ తగిలింది.

మూడు పూటలు గడిచాక మా ఆవిడ చెంచా లాక్కుని తనే కలిపి ముద్దలు పెట్టడం మొదలెట్టింది. ఐదు నిమిషాల్లో భోజనం అయిపోయేది. ఇద్దరికీ హాయిగా ఉండేది. అక్కడే పొరపాటు జరిగింది.

నాలుగో వారంలో కుడి చేతి వేళ్ళు కాస్త ముడుచుకోవడం, తెరుచుకోవడం మొదలయ్యాక ఆ ఓటీ అమ్మాయి గోధుమపిండి ముద్ద తెచ్చి నా ముందు పెట్టింది. దాన్ని వేళ్ళతో నొక్కాలి, చిదపాలి, చిన్న ఉండ చెయ్యాలి. అప్పుడుగానీ నాకు తెలీలేదు, మనం రోజూ చేసే పని ఎంత చిక్కు లెక్కో. అన్నం కలపడం అరచేతి పని కాదు, వేళ్ళ చివరల పని. కలిపింది దగ్గరికి లాగాలి. నాలుగు వేళ్ళూ ఒక దొన్నెలా వంగాలి. ముద్ద జారకుండా చెయ్యి నోటిదాకా లేవాలి, దానికి మోచెయ్యీ భుజమూ కలిసి రావాలి. ఆఖర్న బొటనవేలు వెనకనించి ముద్దని నోట్లోకి తోయాలి. ఆ బొటనవేలి తోపు నాకు పన్నెండు రోజులకి వచ్చింది. పప్పన్నం ముద్ద, చల్లారిపోయింది, ఉప్పు చాలలేదు. సగం బనీను మీద పడింది. మిగిలిన సగం నేను తిన్నాను. బార్తెల్ లెక్కలో దానికి మార్కులేమీ పెరగలేదు. ఎడమ చేతి చెంచాతో తినగలిగినప్పుడే నిండుగా పది వేసేశారు కదా.

తిండి దగ్గరే ఇంకో ముక్క చెప్పాలి. మా వార్డులో ఒక పెద్దాయనకి మింగడం దెబ్బతింది. ముక్కులోంచి గొట్టం తీశాక ఆయనకి అన్నీ చిక్కగానే ఇచ్చేవారు, రాగి జావ, మెత్తటి పెరుగన్నం. నీళ్ళు మాత్రం ఇవ్వద్దన్నారు. అందరికన్నా తేలిగ్గా దిగేవి నీళ్ళేగదా అనుకుంటాం మనం. నీళ్ళే ప్రమాదమట. పల్చగా ఉండి చటుక్కున జారిపోతాయి, గొంతు మూసుకునేలోపే ఊపిరితిత్తుల వైపు దిగుతాయి, అక్కడ నిమ్ము చేస్తుంది. ఆయన రాత్రిళ్ళు కొడుకుని బతిమాలేవాడు, "ఒక్క గుటక రా నాయనా" అని. ఆ కొడుకు బయటికి వెళ్ళి వరండాలో నిలబడేవాడు. ఇవ్వడం సులువు. ఇవ్వకుండా ఉండటానికి ఎంత ప్రేమ కావాలో ఆ కుర్రవాణ్ణి చూశాక తెలిసింది.

ఇక దొడ్డికి వెళ్ళడం. రేడియోలో ఈ మాటలు మాట్లాడొచ్చా అని ప్రొడ్యూసరు గారిని అడిగితే మర్యాదగా చెప్పండి అన్నారు. మర్యాదగానే చెబుతాను. పక్షవాతం వచ్చినవాడి రోజు ఈ పని చుట్టూనే తిరుగుతుంది. నడక గురించి పరామర్శకు వచ్చేవాళ్ళంతా అడుగుతారు, దీని గురించి ఎవరూ అడగరు. బెల్లు నొక్కాలి. ఆయా రావాలి, లేదా వార్డు బాయ్ రావాలి. వాళ్ళు ఇద్దరు, మేం ఇరవై మందిమి. వచ్చేలోపు ఆగాలి. ఆగగలమా లేదా అన్నది మన చేతుల్లో లేదు. మొదటి వారం నేనొక ఉపాయం పన్నాను, మధ్యాహ్నం నించీ నీళ్ళు తాగడం మానేశాను. రాత్రి ఎవరినీ పిలవక్కర్లేదని. రెండ్రోజుల్లో మూత్రంలో మంట, జ్వరం, డాక్టరు చేత చీవాట్లు. తర్వాత అడిగి చూస్తే వార్డులో సగం మంది అదే ఉపాయం పన్నారని తెలిసింది. లెక్కల మాస్టారికి తట్టిన ఉపాయం లారీ డ్రైవరుకీ, కూరగాయలమ్మే ఆవిడకీ తట్టింది.

నా ఎదుటి మంచం ఆయన ఒంగోలు దగ్గర పొగాకు రైతు. ఆయనకి ఎడమవైపు పడిపోయింది. ఒకనాడు రాత్రి నిద్రపట్టక నన్ను అడిగాడు, "మాస్టారూ, మీకు అన్నం చెయ్యి పోయింది, నాకు కడుక్కునే చెయ్యి పోయింది. ఎవరిది నయమంటారు?" ఇద్దరం ఆ ప్రశ్న మీద చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఆయనదే కష్టమని తేల్చాం. అన్నం ఇంకొకరు కలిపి పెట్టినా మనిషికి తలవంపు కాదు. ఆయన మాత్రం కడుక్కున్న చేత్తోనే మళ్ళీ అన్నం తినాలి. ఎన్నిసార్లు సబ్బుతో రుద్దుకునేవాడో చూస్తే జాలేసేది. పోనీ ఒక్క చేత్తో సబ్బు రుద్దుకోవడం ఎలాగో మీరు ఆలోచించి చూడండి. సింకు అంచుకి సబ్బు ఆనించి, దానిమీద చెయ్యి తిప్పేవాడు.

మంచం మీంచి కమోడు కుర్చీలోకి మారడం కూడా ఒక విద్యే. కుర్చీ మంచి వైపు పెట్టాలి. చక్రాలకి బ్రేకు వెయ్యాలి. మంచం అంచుకి జరగాలి, పాదాలు వెనక్కి లాక్కోవాలి, బాగా ముందుకి వంగాలి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా. అప్పుడు లేస్తే లేస్తాం. వెనక్కి వాలి లేవబోతే కూలబడతాం. మావాళ్ళు మొదట్లో నన్ను పడిపోయిన చెయ్యి పట్టుకుని పైకి గుంజేవారు. పొలంలో దిగబడ్డ ఎద్దుని లేపినట్టు. అది చూసి ఓటీ అమ్మాయి పరుగెత్తుకొచ్చి మా బావమరిదిని కేకలేసింది. కండ బలం లేని భుజం కీలు అలా గుంజితే జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. నడుముకి బెల్టు కట్టి ఆ బెల్టు పట్టుకోవాలి. శ్రోతల్లో ఎవరింట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, చెయ్యి పట్టుకుని లాగకండి.

నడక సంగతి ఎక్కువ చెప్పను. ఫిజియో కుర్రాడు మంచివాడు, కష్టపడ్డాడు, నాలుగు కాళ్ళ కర్ర వచ్చింది, నడిచాను. మామూలుగా కాలు ముందు కోలుకుంటుంది, చెయ్యి వెనకబడుతుంది. నాకూ అలాగే జరిగింది.

చొక్కా దగ్గరికి వస్తాను. పడిపోయిన చెయ్యి ముందు తొడగాలి. తీసేటప్పుడు మంచి చెయ్యి ముందు తీయాలి. ఇది సూత్రం, గుర్తుపెట్టుకోవడం తేలిక. చొక్కాని ఒళ్ళో పరుచుకుని, కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి, చేతి గుంతలోకి పామును పుట్టలోకి దింపినట్టు దింపి, భుజం దాకా లాగి, వెనకనించి తిప్పి, ఎడమ చెయ్యి దూర్చాలి. తర్వాత గుండీలు, ఒక్క చేత్తో, కింద నించి పైకి. రెండో వారంలో మొదటిసారి నా అంతట నేను తొడుక్కున్నాను. నలభై నిమిషాలు పట్టింది. అయ్యాక అలసటతో నిద్రపోయాను, చొక్కాతోనే.

ఆ అలసట మామూలు అలసట కాదు. పొలం పని చేసిన అలసటలో ఒక సుఖం ఉంటుంది. ఇది దీపంలో నూనె అయిపోయినట్టు ఉంటుంది. పళ్ళు తోముకుంటే పడుకోవాలి. తల దువ్వుకుంటే పడుకోవాలి. బద్ధకమని చుట్టాలనుకుంటారు. దెబ్బతిన్న మెదడు ప్రతి చిన్న పనికీ పెద్ద బేరం ఆడుతుందని వాళ్ళకెలా చెప్పడం?

నేను చొక్కా తొడుక్కున్న ఆ రోజు సాయంత్రం ఓటీ అమ్మాయి వచ్చి చూసింది. నా ఒంటిమీద వేరే చొక్కా ఉంది. "పొద్దున మాస్టారే తొడుక్కున్నారు కదా ఆంటీ, ఈ చొక్కా ఎవరు మార్చారు?" అని మా ఆవిడని అడిగింది. "నేనే మార్చానమ్మా. ముప్పావుగంట తంటాలు పడుతుంటే చూడలేకపోయాను" అంది మా ఆవిడ. ఆ అమ్మాయి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆంటీ, నేను మాస్టారి దగ్గర ఉండేది రోజుకి ఒక గంట. మిగతా ఇరవై మూడు గంటలూ మీరే ఉంటారు" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. మా ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. తన చేతులతో చేసిందే నాకు చెరుపు చేసిందా అని మథనపడింది.

తర్వాత నేను ఈ విషయం కొంత చదువుకున్నాను. ఆస్ట్రేలియాలో జూలీ బెర్న్‌హార్ట్ అనే ఆవిడ మెల్బోర్న్ ఆస్పత్రుల్లో పక్షవాతం రోగుల రోజు ఎలా గడుస్తోందో మనుషుల్ని పెట్టి గమనింపజేసింది. 2004లో అచ్చయింది. పగటివేళ సగానికి పైగా మంచం మీద ఊరికే పడుకుని ఉన్నారు. అరవై శాతం సమయం ఒంటరిగా ఉన్నారు. అది డబ్బున్న దేశం, మంచి వార్డులు. మన వార్డుల్లో ఒంటరితనం ఉండదు లెండి. మంచానికి ముగ్గురు చుట్టాలుంటారు. కానీ ఆ ముగ్గురూ రోగి చేతిలోంచి గ్లాసు లాక్కోవడానికే ఉంటారు.

ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా శాస్త్రవేత్త కోతుల మీద పనిచేసి ఒక సంగతి కనిపెట్టాడు. చేతి స్పర్శ పోయిన కోతి ఆ చేతిని వాడబోతుంది, కుదరదు. రెండో చేత్తో పని జరిగిపోతుంది. కొన్నాళ్ళకి ఆ చెయ్యి వాడే శక్తి ఉన్నా వాడదు. వాడకపోవడమే నేర్చుకుంటుంది. మంచి చెయ్యి కట్టేస్తే మళ్ళీ వాడుతుంది. దాన్నే తర్వాత మనుషులకి పెట్టారు. 2006లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో రెండు వారాలు మెలకువగా ఉన్నంతసేపూ దాదాపుగా మంచి చేతికి తొడుగు తొడిగి ఉంచి, పడిపోయిన చేత్తో గంటల తరబడి సాధన చేయిస్తే మేలు కనిపించింది. మణికట్టూ వేళ్ళూ కొంతైనా కదిలేవాళ్ళకే ఇది పనికొస్తుంది. నాకు ఆఖరి వారంలో ఎడమ చేతికి పొయ్యి దగ్గర గిన్నెలు దించే గుడ్డ తొడుగు వేశారు. చిన్నపిల్లాడికి శిక్ష వేసినట్టు. మా నాయనమ్మ ఉంటే సంతోషించేది.

అలాగని మొదటి రోజునించే లేపి పరుగులెత్తించమని కాదు. అదే బెర్న్‌హార్ట్ బృందం రెండు వేల మందికి పైగా రోగుల మీద చేసిన పరిశోధన 2015లో వచ్చింది. మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే మొదలుపెట్టి ఎక్కువెక్కువ సార్లు లేపి నడిపించినవాళ్ళు, మామూలుగా చూసినవాళ్ళకన్నా బాగుపడలేదు సరికదా, కాస్త వెనకబడ్డారు. ఇంకొకటి మన దేశంలోనే జరిగింది. పద్నాలుగు ఆస్పత్రులు, 1250 మంది రోగులు. ఇంటివాళ్ళకి కసరత్తులు నేర్పి పంపితే ఆరు నెలలకి ఫలితం ఏమైనా మెరుగ్గా ఉంటుందా అని చూశారు. 2017లో జవాబు వచ్చింది. తేడా లేదు. నేను ఇందాకణ్ణుంచి ఇరవై మూడు గంటల గురించి చెబుతున్నదానికి ఇది అడ్డం వస్తుందని నాకు తెలుసు. లెక్క తప్పొచ్చిందని పేజీ చింపేసే అలవాటు నాకు లేదు. నాకు అర్థమైనంతలో, ఇంటి మనిషికి నాలుగు పాఠాలు చెప్పి ఓటీ పనీ ఫిజియో పనీ ఆవిడ నెత్తిన వేస్తే సరిపోదు. నేను మా ఆవిడనించి కోరింది వైద్యం కాదు. నేను గుండీ పెట్టుకుంటున్నంతసేపు ఆవిడ చేతులు కట్టుకుని కూర్చోవాలి, అంతే. ఆ తర్వాత ఆవిడ అదే చేసింది. వత్తులు చేసుకుంటూ కూర్చునేది. నేను ఒక గుండీ పెట్టేలోపు పది వత్తులయ్యేవి.

ఆడవాళ్ళ వైపు ఒక పెద్దమ్మ ఉండేది. ఎడమవైపు దెబ్బ. చెయ్యి కాస్త కదులుతుంది, మాట స్పష్టం, తెలివి బ్రహ్మాండం. రోజూ భోజనం దగ్గర కోడలితో గొడవ, "నాకు కూర వెయ్యలేదు" అని. కూర పళ్ళెంలో ఎడమవైపు ఉండేది. ఆవిడకి కళ్ళు బాగానే ఉన్నాయి, ఆ వైపన్నది లోకంలో ఉందన్న ధ్యాసే మెదడులోంచి తుడిచిపెట్టుకుపోయింది. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఇలా అవుతుందట. తల కుడివైపే దువ్వుకునేది. పళ్ళెం తిప్పి పెడితే, "ఇప్పుడు వేశావా" అనేది. కోడలు మొదట్లో అత్తగారి సాధింపులే అనుకుంది. అనుకోదూ మరి?

లారీ డ్రైవరని చెప్పాను చూడండి, అతనికి కుడివైపుతో పాటు మాట పోయింది. ఎదుటివాళ్ళు అన్నది అర్థమవుతుంది, పెళ్ళాం పేరు నోటికి రాదు. మంచినీళ్ళు కావాలంటే 'తలుపు' అనేవాడు, తప్పని తనకే తెలిసి తల కొట్టుకునేవాడు. తిట్లు మాత్రం శుభ్రంగా వచ్చేవి. ఒకటి రెండు మూడు అని అంకెలు వరసగా వచ్చేవి. పాటలు వచ్చేవి, రాగంతో, మాటలతో. ఇది చాలామందిలో చూసిందేనట. బోస్టన్‌లో 1970లలో దీన్నే ఆధారం చేసుకుని మాటని రాగంలో పెట్టి నేర్పే పద్ధతి తయారుచేశారు. మా వార్డులో అతని భార్య ఆ పద్ధతి పేరు వినకుండానే మొదలుపెట్టింది. "నీళ్ళూ... కావాలీ" అని సువ్వీ పాట ఫక్కీలో పాడేది. అతను వెనకే అందుకునేవాడు. రాత్రి తొమ్మిదింటికి ఆ యుగళగీతం విని నర్సమ్మ కూడా నవ్వేది.

నవ్వూ ఏడుపూ మా చేతుల్లో ఉండేవి కావు. నేను ఒక మధ్యాహ్నం సబ్బుబిళ్ళ ప్రకటన చూసి వెక్కివెక్కి ఏడ్చాను. ప్రకటనలో ఏడవడానికి ఏమీ లేదు. మెదడులో ఆ తాళం వదులైపోయిందన్నారు డాక్టరు. అది వేరు, నిజంగా మనసు కుంగిపోవడం వేరు. ఈ కుంగుబాటు మూడో వంతు మందికి వస్తుందట, దానికి మందులున్నాయి. నాకు రెండూ ఉన్నాయి. దాచుకోవడానికి ఏముంది?

పరామర్శకు వచ్చినవాళ్ళు పసరు మందుల సంగతులు, పావురం రక్తం సంగతులు చెప్పారు. వాటిని వదిలేద్దాం. నాతో పనిచేసిన సైన్సు మాస్టారు ధైర్యం చెప్పడానికి లూయీ పాశ్చర్ని తీసుకొచ్చారు. "1868లో పాశ్చరుకి పక్షవాతం వచ్చిందండీ, ఎడమవైపు పోయింది, అప్పటికి నలభై ఐదేళ్ళు. పిచ్చికుక్క కాటుకి టీకా 1885లో వేయించాడు, అంటే పదిహేడేళ్ళ తర్వాత!" అన్నారు. నిజమే. ఆయన వెళ్ళాక నాకొకటే సందేహం మిగిలింది, పాశ్చరుకి కోటు గుండీలు ఎవరు పెట్టేవారు? ఏ పాఠ్యపుస్తకంలోనూ అది లేదు.

ఆరు వారాలయ్యాక మళ్ళీ మార్కులు వేశారు. 75. స్నానం దగ్గర ఇంకా సున్నాయే, వీపు అందదు. మెట్లకి సగమే వేశారు. ఫస్టు క్లాసేనమ్మా అన్నాను. అప్పుడు ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది. ఈ కొలత తయారుచేసినవాళ్ళే అందులో రాశారట, వందకి వంద వచ్చినా మనిషి ఒంటరిగా బతకగలడని అర్థం కాదు, వంట చేసుకోలేకపోవచ్చు, నలుగురిలోకి వెళ్ళలేకపోవచ్చు అని. ప్రశ్నపత్రం తయారుచేసినవాడు తన ప్రశ్నపత్రం చాలదని ఒప్పుకోవడం నా సర్వీసులో నేను చూడలేదు. ఆ ఇద్దరి మీద నా అభ్యంతరాలు సగం ఉపసంహరించుకున్నాను.

ఇంటికొచ్చాం. వార్డులో నున్నటి నేల, పట్టుకోవడానికి కడ్డీలు. మా ఇంట్లో వీధి గుమ్మానికి జానెడు గడప, గొంతుక్కూర్చునే దొడ్డి పెరట్లో. మంచం మీంచి లేవడం ఆస్పత్రిలో వచ్చినవాడికి ఇంట్లో నులక మంచం మీంచి రాలేదు. మార్కులు వార్డులోనే ఉండిపోయాయి. గడప పక్కన ఇటుకలు పేర్చి మెట్టు కట్టించాం, కమోడు పెట్టించాం, గోడకి ఇనుప కడ్డీ బిగించాం. తాపీమేస్త్రీ కడ్డీ ఎంత ఎత్తులో పెట్టమంటారని అడిగితే, నేను కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, చెయ్యి ఎక్కడ గోడ వెతుక్కుందో అక్కడ సుద్దముక్కతో గీత గీశాను. కుడి చేత్తోనే గీశాను. వంకరగా వచ్చింది. మేస్త్రీ దానిమీదే బిగించాడు.

ఇది జరిగి ఏడాదిన్నర. చొక్కాకి ఇప్పుడు ఆరు నిమిషాలు పడుతోంది. పై గుండీ పెట్టుకోను, ఎవరూ పట్టించుకోరు. అన్నం ఇంట్లో కుడి చేత్తో తింటాను, పెళ్ళిళ్ళలో చెంచా అడుగుతాను. ఈ మధ్య ఒక పెళ్ళిలో పక్క విస్తరి ఆయన నా ఎడమ చేతి చెంచా చూసి జరిగి కూర్చున్నాడు. నేను నా విస్తరిలో గారె మీద దృష్టి పెట్టాను.

ఈ ప్రసంగం మొత్తం పదకొండు కాగితాలు. పెద్దక్షరాలతో మా మనవరాలు టైపు చేసిచ్చింది. కాగితాలు తిప్పేటప్పుడు మధ్యమధ్య గరగరమని చప్పుడు మీకు వినిపించే ఉంటుంది. ప్రొడ్యూసరు గారు అద్దం అవతలినించి చూస్తూనే ఉన్నారు, ఆపలేదు. ఎడమ చేత్తో తిప్పితే ఆ చప్పుడు వచ్చేది కాదు.